తపాలాలో వచ్చిన శాతవాహన నాణేలు ఏ రాజువో ఎలా గుర్తుపట్టాలి?

‘శాతవాహన, సీసం, పోటిన్, ఎనిమిది నాణేలు’ అన్న లాట్‌ను వేలంలో కొన్నారు, పార్సిల్ చేరింది, ఏ నాణెం ఏ రాజుదో తెలియడం లేదు, చింతపండుతో తోమితే అక్షరాలు బయటపడతాయా అని అడిగారు. ముందు మీ చివరి ప్రశ్నకే జవాబు చెబుతాను. దయచేసి తోమకండి. చింతపండు, నిమ్మరసం, ఇత్తడి సామాన్ల పొడి ఏవీ వద్దు. పోటిన్ (రాగి, సీసం, తగరం కలిపిన లోహం) నాణెం మీద నల్లగానో ఆకుపచ్చగానో కనిపించేది మురికి కాదు, పద్దెనిమిది వందల ఏళ్లలో లోహం మీద గట్టిపడిన పొర. అరిగిన అక్షరం ఆనవాలు చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటుంది. పులుపు తగిలితే పొరతోపాటు అక్షరమూ పోతుంది, మళ్లీ రాదు. మట్టి పట్టి ఉంటే పోటిన్ నాణేన్ని డిస్టిల్డ్ వాటర్‌లో నానబెట్టి, వెదురు పుల్లతో ఓపికగా తీయండి. సీసం నాణేలను నానబెట్టవద్దు. మెత్తటి కుంచెతో దులిపితే చాలు, ఆ తర్వాత చేతులు సబ్బుతో కడుక్కోండి.

చాలా ఏళ్లుగా ఇలాంటి లాట్లు కొంటున్నాను కాబట్టి పార్సిల్ విషయంలో నేను పాటించే పద్ధతి చెబుతాను. సీలు విప్పే దగ్గర నుంచి ఫోనులో వీడియో తీస్తాను. ప్రతి నాణేన్నీ కేటలాగు ఫోటోతో పోల్చి చూస్తాను. నాణెంతోపాటు వచ్చిన చీటీని, కవరును, బిల్లును పారేయను. 1972 నాటి పురావస్తువుల చట్టం ప్రకారం నూరేళ్లు దాటిన నాణెం పురావస్తువు. అమ్మే వ్యాపారికి లైసెన్సు ఉండాలి, మనలాంటివాళ్లు దాన్ని దేశం దాటించడానికి వీల్లేదు. నాణెం మీ చేతికి ఎలా వచ్చిందో చెప్పే కాగితం ఆ బిల్లు ఒక్కటే. విదేశంలో ఉన్న బంధువులకు కానుకగా పంపాలన్న ఆలోచన ఉంటే మానుకోండి.

తర్వాత చూడవలసింది అసలుదా, నకిలీదా అని. 0.01 గ్రాము వరకు చూపే చిన్న త్రాసు కొనుక్కోండి, ధర పెద్దగా ఉండదు. సీసం నాణెం మామూలు బరువు రాసుకోండి. తర్వాత త్రాసు మీద గ్లాసుతో నీళ్లు పెట్టి అంకెను సున్నా చేసి, నాణేన్ని సన్నటి దారానికి కట్టి, అడుగుకూ అంచుకూ తగలకుండా నీటిలో వేలాడదీయండి. అప్పుడు త్రాసు చూపే అంకెతో మొదటి బరువును భాగించండి. 7.20 గ్రాముల నాణెం నీటిలో 0.64 చూపిస్తే లెక్క 11.25 వస్తుంది. స్వచ్ఛమైన సీసం సాంద్రత 11.34 కాబట్టి ఇది నమ్మదగిన అంకె. ఏ 7 దగ్గరో 8 దగ్గరో ఆగితే అది సీసం కాదు. చూసిన వెంటనే తుడిచి ఆరబెట్టండి. పోటిన్‌లో రాగి, సీసం, తగరం పాళ్లు నాణేనికీ నాణేనికీ మారతాయి కాబట్టి అక్కడ ఈ లెక్క పనికిరాదు. దానికి అంచే సాక్ష్యం. భూతద్దంతో అంచు చుట్టూ చూడండి. అచ్చులో పోసిన నకిలీకి అంచు చుట్టూ సన్నటి అతుకు గీత, ఉపరితలం మీద గాలి బుడగల గుంటలు ఉంటాయి.

ఒకసారి నాకు వచ్చిన లాట్‌లో రెండు ఏనుగు నాణేలకు తొండం కింద ఒకే చోట, ఒకే కొలతలో నొక్కు కనిపించింది. నాణెం మీద బొమ్మ కొట్టే అచ్చుదిమ్మె ఒకటే అయితే బొమ్మ ఒకేలా ఉండవచ్చు. వాడకంలో పడిన దెబ్బ మాత్రం రెండింటికీ ఒకేలా ఉండదు. రెండూ ఒకే అసలు నాణెం నుంచి పోతపోసినవని ఫోటోలతో రాస్తే సొమ్ము వెనక్కి ఇచ్చారు. అయితే కలగలుపు లాట్లకు వాపసు లేదని చాలా వేలం సంస్థలు షరతుల్లోనే రాస్తాయి. మీ లాట్‌కు గడువు ఉందేమో ఈ రోజే చూడండి.

ఒక గుర్తు మీద మరో గుర్తు పడినట్టు కనిపిస్తే మాత్రం కంగారుపడకండి. నాసిక్ జిల్లా జోగల్‌తెంబిలో 1906లో బయటపడిన నిధిలో 13 వేలకు పైగా క్షత్రప రాజు నహపాణుడి వెండి నాణేలు ఉంటే, వాటిలో 9 వేలకు పైగా నాణేల మీద గౌతమీపుత్ర శాతకర్ణి తన గుర్తులు కొట్టించాడు.

ఇక గుర్తుపట్టడం. కేటలాగులో రాసింది అమ్మేవారి అభిప్రాయం మాత్రమే. దాన్ని పక్కన పెట్టి నాణెం మీద ఏముందో అదే నమ్మండి. అడ్డగీత, నిలువుగీత కలిసి, నాలుగు కొనల్లో నాలుగు వృత్తాలు ఉంటే అది ఉజ్జయిని గుర్తు. దాన్ని బొరుసు వైపు పెట్టుకుని, బొమ్మ వైపు ఏనుగు, సింహం, గుర్రం, కొండల్లో ఏది ఉందో చూసి విడదీయండి. ఉజ్జయిని గుర్తు ఒక్కదాన్నే చూసి శాతవాహన అనేయకండి, తర్వాత వచ్చిన ఇక్ష్వాకుల సీసం నాణేల మీదా అది ఉంటుంది. సింహం ఉండి, వెనుక రెండు దీపస్తంభాల మధ్య కలశం ఉంటే అది విష్ణుకుండినులది. కలగలుపు లాట్లలో ఇవి తరచుగా శాతవాహన పేరుతోనే వస్తాయి.

రాజు పేరు చెప్పేవి అక్షరాలే. అసలు కష్టం ఇక్కడే మొదలవుతుంది, ఆనందమూ ఇక్కడే ఉంది. అచ్చుదిమ్మె కన్నా లోహపు బిళ్ల చిన్నది కావడం వల్ల పూర్తి పేరు దాదాపు ఏ నాణెం మీదా పడదు. మూడు నాలుగు అక్షరాలు దొరికితే అదృష్టమే. ఆనాటి లిపి బ్రాహ్మిలో కూడిక గుర్తులా ఉండేది ‘క’, నిలువు గీత ‘ర’. శాతవాహనుల నాటికి ఈ రెండింటి కాళ్లూ పొడవై కింద వంపు తిరిగాయి. తలకిందులైన ఆంగ్ల ‘టి’లా ఉంటే ‘న’, గుండ్రటి దాని మీద చిన్న నిలువు గీత ఉంటే ‘వ’. గది చీకటి చేసి, ఫోను లైటును పక్క నుంచి వాల్చి నాణేన్ని మెల్లగా తిప్పండి. ఒక వెలుగులో కనిపించని అక్షరం మరో కోణంలో లేచి వస్తుంది. కాగితం మీద వృత్తం గీసి, కనిపించిన అక్షరాన్ని కనిపించిన చోటే వేయండి. ఒకే రకం నాణేలు రెండు మూడు ఉంటే వాటి కాగితాలు ఒకదాని మీద ఒకటి పెట్టి చూడండి, ఒకదానిలో లేనిది మరొకదానిలో దొరుకుతుంది.

ఇది ఎందుకు ఇంతగా చెబుతున్నానంటే, ‘సాతకణి’ (శాతకర్ణికి ప్రాకృత రూపం) అని చదవగానే గౌతమీపుత్ర శాతకర్ణి అని రాసేయడం అమ్మకందారులకు అలవాటు. ఆ పేరుకు ధర పలుకుతుంది. కానీ సాతకణి పేరున్న రాజులు ఎందరో ఉన్నారు. గోతమిపుత అన్నా చాలదు, యజ్ఞశ్రీ కూడా గౌతమీపుత్రుడే. వాసిఠిపుత (వాసిష్ఠీపుత్ర) అన్నా అంతే, అలా పిలిపించుకున్నది పుళుమావి ఒక్కడే కాదు. నా దగ్గరికి గౌతమీపుత్ర శాతకర్ణి చీటీతో వచ్చిన పోటిన్ నాణెం ఒకటి ఉంది. తొండం ఎత్తిన ఏనుగు వీపు మీద నాకు కనిపించినవి ‘ఞ సాత’ మాత్రమే. ‘ఞ’ రెండు చోట్ల రావచ్చు, ‘రఞో’ (రాజు యొక్క)లోనూ, ‘యఞ’ (యజ్ఞ)లోనూ. ‘రఞో’ అయితే దానికి ఓత్వం ఉండాలి, తర్వాత సాధారణంగా ‘సిరి’ (శ్రీ) లాంటి మాట వస్తుంది. ఇక్కడ ఓత్వం లేదు, వెంటనే ‘సాత’ ఉంది. కాబట్టి అది సిరి యఞ సాతకణి, అంటే యజ్ఞశ్రీ. చీటీని కొట్టివేయకుండా పక్కనే నా పాఠం, తేదీ రాసి పెట్టాను.

పోల్చుకోవడానికి 1908లో బ్రిటిష్ మ్యూజియం ప్రచురించిన రాప్సన్ కేటలాగు నేటికీ మంచి ఆధారం, ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది. అయితే కోటిలింగాలలో దొరికిన గోబద, నారన, సమగోప, ఛిముక నాణేలు అందులో ఉండవు. అవి చాలా తర్వాత శాసన పరిశోధకులు పరబ్రహ్మశాస్త్రి గారి కృషితో వెలుగులోకి వచ్చాయి. శాతవాహనుల తొలి రాజుగా చెప్పే ఛిముక పేరుతో ఎవరైనా చవకగా ఇస్తామంటే రెండుసార్లు ఆలోచించండి.

సీసం నాణేలను చెక్క బీరువాలో గానీ అట్టపెట్టెలో గానీ పెట్టకండి. వాటి నుంచి వచ్చే ఆమ్లపు ఆవిరికి సీసం మీద తెల్లటి పొడి పుట్టి, నాణెం క్రమంగా పాడైపోతుంది. పీవీసీ కవర్లూ వద్దు, మైలార్ (పాలియెస్టర్) కవర్లు వాడండి. పోటిన్ నాణెం మీద లేత ఆకుపచ్చ పొడి రాలుతుంటే దాన్ని మిగతావాటి నుంచి వేరు చేసి, పొడిగా ఉంచండి.

ఎనిమిదింటికీ రెండు వైపులా, అంచుకూ పక్క వెలుగులో ఫోటోలు తీసి, బరువూ వ్యాసమూ రాసి ఇక్కడ పెట్టండి. మీరు గీసిన అక్షరాల కాగితం కూడా జత చేస్తే కలిసి చదువుదాం.