కడప నుంచి కువైట్‌కు విమానంలో ఎన్ని గంటలు?

గాల్లో గీత గీస్తే కడప నుంచి కువైట్ సుమారు 3,560 కి.మీ. కానీ కడప విమానాశ్రయం నుంచి నేరుగా కువైట్‌కు విమానం లేదు కాబట్టి ఆ లెక్క ఎందుకూ పనికిరాదు. చెన్నై నుంచి పోతే 3,780 కి.మీ., హైదరాబాదు నుంచి 3,370.

చెన్నై నుంచి నేరు విమానమైతే పోయేటప్పుడు దాదాపు 5 గంటలు, వచ్చేటప్పుడు నాలుగున్నర. పైన గాలి పడమటి నుంచి తూర్పుకు వీస్తుంది. పోయేటప్పుడు ఎదురు, వచ్చేటప్పుడు తోడు. చలికాలంలో ఈ తేడా ఇంకా పెరుగుతుంది.

చాలామంది తికమకపడేది టికెట్ మీది టైముతో. అక్కడ వేసేది ఏ ఊరికి ఆ ఊరి గడియారం. కువైట్ మనకంటే రెండున్నర గంటలు వెనక. తెల్లవారుజామున 4కు చెన్నైలో ఎక్కితే 6:30కు దిగినట్టు ఉంటుంది. అయ్యో, రెండున్నర గంటలేనా అనుకోవద్దు, ఐదు. తిరుగు ప్రయాణంలో రాత్రి 10కి బయల్దేరితే దిగేది మరుసటి రోజు ఉదయం 5కు. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకు ఆ తేదీ చెప్పాలి, లేకుంటే ఒకరోజు ముందే వచ్చి కూర్చుంటారు.

ఇంటి నుంచి లెక్కేస్తే: రాజంపేట, రేణిగుంట మీదుగా చెన్నైకి రోడ్డున 6 గంటలు, విమానానికి 3 గంటల ముందు హాజరు, గాల్లో 5, దిగాక ఇమిగ్రేషన్, సామాన్లకు ఒక గంట. మొత్తం 15. మధ్యలో దుబాయ్‌లోనో దోహాలోనో మారే టికెట్ అయితే అక్కడ ఆగే గంటలూ కలపండి.