నోయ్‌ష్వాన్‌స్టైన్ కోటకు పదిహేను మంది ఒక్క రోజులో వెళ్లి రావచ్చా?

జర్మనీలో, మ్యూనిక్‌లో చదువుకుంటున్న పదిహేను మంది ఒక శనివారం పొద్దున బయల్దేరి, నోయ్‌ష్వాన్‌స్టైన్ కోట చూసి రాత్రికి తిరిగి రాగలరా, దానికి బస్సు మాట్లాడుకోవాలా అని అడిగారు. రావచ్చు, బస్సు అక్కర్లేదు. కాకపోతే పదిహేను మందీ ఒకే గుంపుగా మాత్రం పోవద్దు. మేం పద్నాలుగు మంది అట్లా పోయి దెబ్బ తిన్నాం కాబట్టి చెబుతున్నా.

మాది అనంతపురం. మ్యూనిక్‌లో మాస్టర్స్ మొదటి సెమిస్టర్‌లో, నవంబర్ చివర్లో, క్లాసులో తెలుగువాళ్లు, తమిళులు, ఇద్దరు నేపాలీలు కలిసి ఈ ట్రిప్పు పెట్టుకున్నాం. మ్యూనిక్ నుంచి కోట దగ్గరి ఫ్యూసెన్ స్టేషన్ దాకా లోకల్ రైళ్లలో సుమారు రెండు గంటలు. కొన్ని నేరుగా పోతాయి, కొన్నింటికి మధ్యలో బుక్లో అనే స్టేషన్‌లో మారాలి. అందరి దగ్గరా డాయిచ్‌లాండ్ టికెట్ (దేశమంతా లోకల్ రైళ్లకు చెల్లే నెల పాసు) ఉంటే రైలుకు వేరే ఖర్చే లేదు. లేకుంటే బయర్న్ టికెట్ (బవేరియా రాష్ట్రంలో లోకల్ రైళ్లకు చెల్లే ఒక రోజు టికెట్) ఒక్కటి ఐదుగురికి సరిపోతుంది, అందరి పేర్లూ దాని మీద రాయాలి. మామూలు రోజుల్లో అది ఉదయం తొమ్మిది నుంచే చెల్లుతుంది, శని ఆదివారాల్లో ఆ తలనొప్పి లేదు. అంటే మీరు శనివారం అనుకోవడం మంచి పనే.

మా కథ చెడింది ఫ్యూసెన్‌లో దిగాక. అక్కడి నుంచి కోట కింద ఉన్న హోహెన్‌ష్వాన్‌గావ్ ఊరికి బస్సు పదే పది నిమిషాలు, కానీ రైల్లోంచి దిగిన జనమంతా అదే బస్సు మీద పడతారు. మాలో పది మందికి చోటు దొరికింది, నలుగురు తర్వాతి బస్సుకు ఆగిపోయారు. ఆ నలుగురు వచ్చాక పోనీ నేరుగా పైకి వచ్చారా అంటే, దారిలో ఆగి ఫోటోలు దిగారు! ఊర్లోంచి కోటకు ఎక్కుడు దారి, నడిస్తే అరగంట నుంచి నలభై నిమిషాలు. గుర్రపు బండి ఎక్కినా అది కోట గుమ్మం దాకా రాదు, చివర కొంత నడవాల్సిందే. లోపలికి గైడుతోనే పంపుతారు, టికెట్ మీద నిమిషంతో సహా టైం రాసి ఉంటుంది, అది దాటితే డబ్బు పోయినట్టే. పది మందిమి లోపలికి పోయాం, నలుగురు గేటు బయట చలిలో నిలబడ్డారు. ఆ సాయంత్రం రైల్లో ఎవరూ ఎవరితో సరిగా మాట్లాడలేదు.

అందుకే ఐదేసి మందిగా విడిపోండి. ముగ్గురు బాధ్యులు, మూడు వేర్వేరు టూర్ టైములు, అవీ ఆన్‌లైన్‌లో ముందే బుక్ చేసుకోండి. ఫ్యూసెన్‌లో రైలు దిగే టైముకూ టూర్ టైముకూ మధ్య కనీసం రెండు గంటలు వదలండి, రైలు లేటైనా తట్టుకుంటారు. స్టూడెంట్ కార్డులు మరవద్దు, టికెట్ తగ్గుతుంది.

ఇంకో తప్పు కూడా చేశాం. కోట ఫోటోలన్నీ తీసేది మరియన్‌బ్రూకే అనే వంతెన మీద నుంచి, పోల్లాట్ లోయ మీద ఉంటుంది. చలికాలంలో మంచు గడ్డకడితే మూసేస్తారు. మేం చూసుకోకుండా పోయాం, మూసేశారు. ఫోన్లో చెబితే మా అవ్వ "ఏందిరా, అంత దూరం పొయ్యి వంతెన మూసినారని తిరిగొచ్చినారా?" అంది. జూన్‌లో ముగ్గురమే మళ్లీ పోయి ఆ వంతెన మీద గంటసేపు ఉన్నాం.

ఇంత హైరానా పడి చూడదగ్గదేనా అంటే, నాకైతే అవును. లోపల టూర్ అరగంట పైచిలుకే, ఫోటోలు తీయనివ్వరు. చూడ్డానికి వందల ఏళ్ల నాటి కోటలా ఉంటుంది గానీ బవేరియా రాజు రెండో లుడ్విగ్ దాన్ని మొదలుపెట్టించింది 1869లో. అప్పట్లోనే లోపల టెలిఫోన్ పెట్టించాడు. ఇలా కోటల మీద కోటలు కట్టించి అప్పులపాలయ్యాడు. 1886 జూన్‌లో పిచ్చివాడని తేల్చి, ఈ కోటలోనే పట్టుకుని తీసుకుపోయారు, మర్నాడే ఒక సరస్సులో శవమై తేలాడు. కోట సగంలో ఆగిపోయింది. సింహాసనం గది ఉంది, అందులో సింహాసనం లేదు. గైడు ఆ ఖాళీ మెట్లు చూపిస్తుంటే నాకు లేపాక్షిలో పైకప్పు లేని కల్యాణ మండపం గుర్తొచ్చింది. అక్కడా గుడి కోసం రాజుగారి ఖజానా ఖర్చుపెట్టాడని నింద పడితే విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడని కథ చెబుతారు కదా. (లేపాక్షి ఇప్పుడు సత్యసాయి జిల్లా అంటారు, మా ఇంట్లో ఎవరూ ఒప్పుకోరు.) పక్కనున్న తమిళ అబ్బాయికి ఇదంతా చెప్పబోతే గైడు నన్ను గుర్రుగా చూసింది.

తిండి సంగతి: కోట కింద హోటళ్లు స్టూడెంట్ల జేబుకు బరువే. మేం చిత్రాన్నం, వేయించిన చెనక్కాయలు డబ్బాల్లో తీసుకుపోయాం, కోట కింద ఉన్న ఇంకో సరస్సు ఒడ్డున కూర్చుని తిన్నాం. మీ ట్రిప్పు ఆదివారానికి మారితే శనివారమే సరుకులు కొనుక్కోండి, అక్కడ ఆదివారం సూపర్‌మార్కెట్లు తెరవరు.

గేటు బయట నిలబడిపోయిన నలుగురిలో మా కడప దోస్తు ఒకడు. ఇప్పటికీ లోపల చూడలేదు, మ్యూనిక్‌లోనే ఉద్యోగం. మీకు పదహారో మనిషి కావాలంటే చెప్పండి, కాకపోతే వాడి ఫోన్ మీ బ్యాగులో పెట్టుకోండి.