‘కుక్క వెళ్తే నేనూ వెళ్తాను’ అంటున్నారు మావయ్యగారు

ప్రశ్న: మాది తెనాలి. మా అత్తగారు పోయి ఏడాదిన్నర అయింది. మావయ్యగారికి 71 ఏళ్లు, షుగర్ ఉంది. ఆరు నెలల కిందట ఒక వీధికుక్కను ఇంట్లోకి తెచ్చుకున్నారు. అత్తగారు ఉన్నప్పుడు గేటు దగ్గర ఆవిడే దానికి అన్నం పెట్టేవారు. ఇప్పుడది ఆయన మంచం కిందే పడుకుంటుంది, ఆయన పాదాలు నాకుతుంది. దాన్ని తిప్పడానికి ఆయన రోజూ రెండు పూటలా నడుస్తున్నారు, షుగర్ కూడా కాస్త అదుపులోకి వచ్చింది. కానీ మా ఆరేళ్ల పాపకు చలికాలంలో పిల్లికూతలు వస్తాయి, ఈసారి ఎక్కువయ్యాయి. నాలుగు రోజుల కిందట కుక్క గోరు కూడా గీసుకుంది. దాన్ని ఎక్కడైనా వదిలేద్దామంటే ‘అది వెళ్తే నేనూ వెళ్తాను’ అన్నారు. అప్పటి నుంచి నాతో మాటల్లేవు. మా వారు నోరు విప్పరు. నేను తప్పు చేస్తున్నానా?

జవాబు: అమ్మా, మిగతావన్నీ తర్వాత. ముందు పాపకు గోరు గీసుకున్న సంగతి. ఆ కుక్కకు రేబిస్ టీకా వేయించినట్టు మీరు ఎక్కడా రాయలేదు. నాలుగు రోజులైనా సరే, ఈరోజే పాపను ప్రభుత్వ ఆసుపత్రికి తీసుకెళ్లండి. టీకా అక్కడ ఉచితంగా వేస్తారు. మన చిన్నప్పటిలా బొడ్డు చుట్టూ 14 సూదులు కావు. మొదటి రోజు, ఆ తర్వాత 3, 7, 28వ రోజుల్లో చేతికి, చర్మంలోకి వేస్తారు. కండకు వేసే పద్ధతిలో 14వ రోజున మరొకటి ఉంటుంది. గీసుకున్న చోట రక్తం వచ్చి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పకుండా చెప్పండి, అప్పుడు టీకాతో పాటు సీరం (టీకా పనిచేసేలోపు రేబిస్‌ను అడ్డుకునే మందు) కూడా అవసరమవుతుంది. రేబిస్ లక్షణాలు ఒకసారి బయటపడితే ప్రాణం నిలవడం దాదాపు అసాధ్యం. అందుకే ‘చిన్న గీతే కదా’ అనుకోకూడదు. ఇకముందు ఎప్పుడైనా ఇలా జరిగితే వెంటనే కుళాయి కింద సబ్బుతో పదిహేను నిమిషాలు కడగాలి. పసుపు, కారం, సున్నం ఏదీ పెట్టవద్దు. పాపకు కూడా చెప్పి ఉంచండి, కుక్క గీరినా కరిచినా వచ్చి చెబితే ఎవరూ తిట్టరని. తిడతారనే భయంతోనే పిల్లలు గాయాలు దాచిపెడతారు.

మీరు తప్పు చేయడం లేదు. బిడ్డ ఆయాసపడుతుంటే ఏ తల్లి ఊరుకుంటుంది? అయితే మీ ఉత్తరంలో ఒక వాక్యం దగ్గర నేను చాలాసేపు ఆగాను. ‘అత్తగారు ఉన్నప్పుడు గేటు దగ్గర ఆవిడే దానికి అన్నం పెట్టేవారు’. మీరు ఆ మాట రాసి ముందుకు వెళ్లిపోయారు. మీ మావయ్యగారు మాత్రం అక్కడే ఉండిపోయారు. ఆవిడ చేతి అన్నం తిన్న ప్రాణి అది. దాన్ని వదిలేయమంటే ఆయనకు మరోలా వినిపిస్తుంది. మనవరాలి కంటే కుక్క ఎక్కువైందని ఆ మాట అన్నారని నేను అనుకోను.

ఆయన ఆరోగ్యం బాగుపడిందని మీరే రాశారు. అందులో ఆశ్చర్యం లేదు. 1980లో అమెరికాలో వెలువడిన ఒక అధ్యయనంలో గుండెజబ్బుతో ఆసుపత్రిలో చేరిన 92 మందిని ఏడాది పాటు గమనించారు. పెంపుడు జంతువులున్న 53 మందిలో ముగ్గురు చనిపోతే, లేని 39 మందిలో 11 మంది చనిపోయారు. అది చిన్న అధ్యయనం, దాన్ని పట్టుకుని కుక్కే మందు అనకూడదు. అమెరికన్ హార్ట్ అసోసియేషన్ కూడా 2013లో ఇదే ధోరణిలో చెప్పింది: కుక్కను పెంచేవారికి గుండెజబ్బు ముప్పు తక్కువగా ఉండవచ్చు, కానీ ఆ ఒక్క కారణం కోసం పెంచుకోనక్కర్లేదు అని. నడక మేలు చేస్తుంది. ఆయన్ను పొద్దున్నే లేపి గుమ్మం దాటించేది ఆ కుక్క.

ఆయనకు ఉన్న ప్రమాదం కూడా చెప్పాలి. షుగర్ ఉన్నవారికి పాదాల్లో స్పర్శ తగ్గవచ్చు, అప్పుడు పగుళ్లు తెలియవు. కుక్క నోటిలోని సూక్ష్మజీవులు ఆ పగుళ్లలోకి చేరితే పుండు పడవచ్చు. కాబట్టి పాదాలు నాకనివ్వడం ఈరోజు నుంచే మానాలి. రాత్రి మంచం దిగేటప్పుడు కాలికి అడ్డం పడి జారిపడకుండా అది మంచం కింద కాకుండా వరండాలో పడుకోవాలి. పశువుల ఆసుపత్రిలో టీకా వేయించి, బూస్టరు తర్వాత ఏటేటా కొనసాగించండి. నులిపురుగుల మందు మూడు నెలలకోసారి. గోమార్లు పట్టకుండా చూసుకోవాలి.

ఇక పిల్లికూతలు. కుక్క వల్లేనని మీరు నమ్ముతున్నారు, కావచ్చు. కానీ దోమల చుట్టలు, అగరబత్తి పొగ, పాత పరుపుల్లోని ధూళి, బొద్దింకలు కూడా ఇదే పని చేస్తాయి. కుక్క విషయంలో పడనిది వెంట్రుక కాదు. దాని చర్మపు పొట్టులో, లాలాజలంలో ఉండే ప్రోటీన్లు. కుక్కను పంపేసినా అవి నెలల తరబడి ఇంట్లోనే ఉంటాయి. అందుకే ‘వారం రోజులు వేరేచోట ఉంచి చూద్దాం’ అంటే ఏమీ తేలదు. పిల్లల డాక్టరును అడిగి అలర్జీ పరీక్ష చేయించండి. ఇచ్చిన ఇన్హేలరును మధ్యలో మానవద్దు. ఈలోగా పాప పడుకునే గదిలోకి కుక్క అడుగు పెట్టకూడదు, గదిని తడిగుడ్డతో తుడవాలి.

పరీక్షలో కుక్క పడదని తేలి, ఇన్ని జాగ్రత్తలు తీసుకున్నా పాపకు ఆయాసం తగ్గకపోతే, దానికి మరో ఇల్లు వెతకాల్సిందే. అప్పుడు నేను మీ పక్షానే మాట్లాడతాను. అయితే రోడ్డు మీద వదలడం కాదు. మావయ్యగారు రోజూ వెళ్లి చూడగలిగే ఇల్లు, ఆ నడక ఆగకూడదు.

మీ వారికి ఈ జవాబు చూపించండి. భార్యకూ తండ్రికీ మధ్య మౌనంగా ఉంటే గొడవ పెరగదని ఆయన అనుకుంటున్నారేమో. ఆ మౌనం వల్లే మీరొక్కరే చెడ్డవారయ్యారు. పాపను పరీక్షకు తీసుకెళ్లే రోజున ఆయన సెలవు పెట్టి, వాళ్ల నాన్నగారిని కూడా వెంట తీసుకురావాలి. డాక్టరు చెప్పేది మావయ్యగారు స్వయంగా వినాలి. అదే మీరు వచ్చి చెబితే, అది డాక్టరు మాట కాకుండా కోడలి మాట అవుతుంది.