వేసవి పర్యావరణ ప్రోగ్రామ్: ఫీజు కట్టే ముందు

మీ అమ్మాయికి పర్యావరణ శాస్త్రం ఇష్టం, హైస్కూల్ పిల్లల వేసవి ప్రోగ్రాముల్లో ఏది ఎంచుకోవాలో తేలక టెన్షన్‌గా ఉందని రాశారు కదండీ. పెద్ద యూనివర్సిటీ క్యాంపస్‌లో జరుగుతుందన్న మాత్రాన ఖరీదైనదాని వైపు మొగ్గకండి. క్యాంపస్ అద్దెకు తీసుకుని బయటి సంస్థలు నడిపేవీ ఉంటాయి. ఎవరు నడుపుతున్నారో ముందు కనుక్కోండి.

నేనైతే ఒక్కటే అడుగుతాను: పిల్లలు సొంతంగా కొలతలు తీస్తారా, లేక స్లైడ్లు చూసి వచ్చేస్తారా? చెరువు నీటిలో కరిగిన ఆక్సిజన్‌నే తీసుకోండి. నీరు వేడెక్కితే ఆక్సిజన్ తక్కువ కరుగుతుంది. కానీ అదే ఎండలో నాచు ఆక్సిజన్‌ను వదులుతుంది. తెల్లవారుజామున, మధ్యాహ్నం కొలిచి, అంకెలు ఎందుకు మారాయో తనే తేల్చుకుంటే అది అసలైన చదువు. అలాంటి పని లేని ప్రోగ్రామ్‌కు డబ్బు పెట్టొద్దని నా గట్టి అభిప్రాయం.

సీటు రాకపోయినా దిగులు పడకండి. 2008లో మొదలైన ఐనాచురలిస్ట్ (iNaturalist) అనే ప్రకృతి పరిశీలనల వెబ్‌సైట్ ఉచితం. అందులో మొక్కల, పురుగుల ఫొటోలు పెడితే, అవి ఏ జాతివో ఖరారైన ఫొటోలు పరిశోధకులకూ ఉపయోగపడతాయి. పక్షులంటే ఇష్టమైతే అమెరికాలోని కార్నెల్ యూనివర్సిటీ పక్షి శాస్త్ర ల్యాబ్ వారిది, చూసిన పక్షులను నమోదు చేసే ఈబర్డ్ (eBird) ఉంది. ఆరు వారాలు రోజూ ఒకే చోట, ఒకే సమయానికి చూసి రాసుకోమనండి. వచ్చే ఏడాది దరఖాస్తులో ఆ నోట్‌బుక్ గురించి రాయొచ్చు.