బీచ్ ఇసుక పట్టిన కెమెరాకి రిపేరా, కొత్తదా?

మీ ప్రశ్న: కళింగపట్నం బీచ్ నుంచి వచ్చాక చిన్న డిజిటల్ కెమెరా లెన్స్ సగం బయటికొచ్చి ఆగిపోతోంది, స్క్రీన్ మీద 'లెన్స్ ఎర్రర్' అని వస్తోంది. బాగుచేయించాలా, కొత్తది కొనాలా?

ముందు బ్యాటరీ నిండా ఛార్జ్ చేసి చూడండి. ఛార్జ్ చాలకపోయినా లెన్స్ మోటారు మధ్యలోనే ఆగిపోతుంది. అప్పటికీ కరకరమంటుంటే లోపలి పళ్లచక్రాల్లో ఇసుక రేణువు ఇరుక్కుని ఉండొచ్చు. కెమెరా ఆపి, లెన్స్ నేలవైపు ఉండేలా పట్టుకుని, రబ్బరు బ్లోయర్‌తో సందుల్లో ఊదండి. నోటితో వద్దు, తుంపర్లు పడతాయి. చేత్తో లాగితే పళ్లు విరుగుతాయి. స్క్రూలు విప్పే ఉత్సాహం అసలే వద్దు. ఫ్లాష్ కోసం కరెంటు నిల్వ చేసే కెపాసిటర్‌లో సుమారు 300 వోల్టులు ఉంటాయి, బ్యాటరీ తీసేసినా షాక్ కొడుతుంది.

దానికీ కదలకపోతే లెక్క వేసుకోవాలి. ఇలాంటి కెమెరాల్లో సాధారణంగా లెన్స్ యూనిట్ మొత్తం మార్చేస్తారు, అందుకే ఖర్చెక్కువ. శ్రీకాకుళం నుంచి విశాఖ పట్టుకెళ్తే బస్సు ఛార్జీలు, ఒక రోజు పని కూడా పోతాయి. రిపేరు ఖర్చు అదే మోడల్ సెకండ్‌హ్యాండ్ ధరలో సగం దాటితే నేనైతే చేయించను. చూసినందుకే ఎంత తీసుకుంటారో ముందే ఫోన్ చేసి అడగండి.

లెన్స్ ఊడదీసే పెద్ద కెమెరా (డీఎస్ఎల్ఆర్) అయితే వేరే మాట. లెన్స్ విడిగా మార్చుకోవచ్చు, షట్టర్ పోయినా కొత్తది వేస్తారు. ఉప్పునీళ్లు లోపలికి వెళ్లిన కెమెరాకి మాత్రం, ఏదైనా సరే, డబ్బు పెట్టకండి. ఇవాళ పనిచేసినా లోపలి సర్క్యూట్ బోర్డు తుప్పు పడుతూనే ఉంటుంది. ఈలోగా మెమరీ కార్డు తీసి ఫొటోలు కాపీ చేసుకోండి.