రక్‌మన్ గెలిచిన బంతి రోవర్‌కు దక్కాలంటే
ఆస్ట్రేలియన్ రూల్స్ ఫుట్‌బాల్‌లో మీ రక్‌మన్ (అంపైర్ పైకి వేసిన బంతి కోసం ఎగిరే పొడవాటి ఆటగాడు) గాలిలో బంతిని ముందుగా తాకుతున్నా అది ప్రత్యర్థి రోవర్‌కే (కింద ఆ బంతిని అందుకునే చురుకైన ఆటగాడు) చిక్కుతోందని రాశారు. లోపం ఎత్తులో లేదు, మీ రోవర్ నిలబడి ఎదురుచూడటంలో ఉంది. మీరు దాడి చేసే గోల్‌ను గడియారంలో పన్నెండుగా భావించి, అంపైర్ బంతిని పైకి వేయకముందే ఇద్దరూ ఒక అంకెను ఖాయం చేసుకోవాలి. రక్‌మన్ పిడికిలితో గుద్దకుండా, విప్పిన వేళ్లతో ఆ దిక్కున ఖాళీలోకి మెత్తగా దించితే, నాలుగు అంగల దూరం నుంచి కదిలిన రోవర్ పరుగు తగ్గించకుండానే దాన్ని అందుకోగలడు. 1963లో ఆస్ట్రేలియాలోని విక్టోరియా లీగ్ విజేతగా నిలిచిన జీలాంగ్ జట్టులో రక్‌మన్ పాలీ ఫార్మర్, రోవర్ బిల్ గాగిన్ జోడీకి పేరు తెచ్చింది ఇలాంటి అవగాహనే. మొదటి వారం ఎదురు ఆటగాడు లేకుండానే సాధన చేయించండి. ఇక్కడ దయచేసి తొందరపడవద్దు. మ్యాచ్‌లో మాత్రం ప్రత్యర్థి నెట్టడంతో రక్‌మన్ వెనక్కి జరుగుతున్నట్లు కనబడిన క్షణమే రోవర్ అనుకున్న అంకెను వదిలి, మీ డిఫెన్స్ వైపుకు అడ్డుగా రావాలి.