రోజూ నడక, మితంగా తిండి ఉంటే చాలదా? కల్తీ గురించి, ఆరోగ్యశ్రీ గురించి ఎందుకు పట్టించుకోవాలి?

చాలదు. మా నాన్నకు సుగర్ ఉంది. అన్నం తగ్గించి, పొద్దున్నే గంట నడుస్తారు. కానీ సాయంత్రం సందు చివర బండి దగ్గర రెండు మిరపకాయ బజ్జీలు తినకుండా ఉండలేరు. ఒకరోజు ఆ మూకుడులోకి తొంగి చూశాను. నూనె డికాక్షన్‌లా నల్లగా, అంచుల దాకా నురగతో ఉంది. అది పారబోయకుండానే కొత్త ప్యాకెట్ కత్తిరించి పైన పోశాడు.

మళ్లీ మళ్లీ కాగిన నూనెలో పోలార్ సమ్మేళనాలు, అంటే నూనె పాడయ్యే కొద్దీ అందులో పుట్టే హానికర పదార్థాలు, పేరుకుంటాయి. అవి 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జులై నుంచి కేంద్ర ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. కానీ బండి దగ్గర దాన్ని కొలిచేదెవరు? ఇది మన క్రమశిక్షణతో తీరేది కాదు, తనిఖీ జరగాల్సిందే. 'ఫుడ్ సేఫ్టీ కనెక్ట్' యాప్‌లో ఎవరైనా ఫిర్యాదు చేయవచ్చు. ఇంట్లో మాత్రం బజ్జీలు వేయగా మిగిలిన నూనెను వడగట్టి, ఒకటి రెండు రోజుల్లో తాలింపులకు వాడేయండి. చిక్కబడినా, త్వరగా పొగ వచ్చినా పారేయండి.

ఇక వైద్యం. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎన్నో పేద కుటుంబాలను అప్పుల నుంచి కాపాడింది. తెలంగాణలో 2023 డిసెంబరులో ఉచిత వైద్యం పరిమితి 10 లక్షల రూపాయలకు పెరిగింది. కానీ అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరాక అందే చికిత్సకే. బీపీ, సుగర్ ముదరకుండా ఆపేది నెలనెలా పరీక్ష, రోజూ మాత్ర. నా దృష్టిలో సంస్కరణ మొదలవ్వాల్సింది అక్కడే. హైదరాబాద్‌లో ఉంటే దగ్గర్లోని బస్తీ దవాఖానాకు వెళ్లండి, అక్కడ ఆ పరీక్షలు, మందులు ఉచితం.